మూడో గ్రైండర్ రుబ్బిన పిండి

నా ఉద్యోగ జీవితంలో చాలా భాగం ఇడ్లీ పిండితో ఏ సంబంధమూ లేకుండానే గడిచింది. మొదట ఒక కర్మాగారంలో కంప్యూటర్ల విభాగంలో చేరి, జీతాల బిల్లులకూ గోడౌను లెక్కలకూ ప్రోగ్రాములు రాశాను. తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉన్న చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి మారి, రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. కింద పిల్లలు పోటీ పరీక్షలకు బట్టీ పడుతుంటే, పైన మేము దుకాణాలకూ దవాఖానాలకూ బిల్లింగ్ ప్రోగ్రాములు తయారుచేస్తుండేవాళ్ళం. ఇన్నేళ్ళలో మీరు చేసిన గొప్ప పని ఏమిటని ఎవరైనా అడిగితే, నేను పిండి వ్యాపారం గురించి చెప్తాను. అడిగినవాళ్ళ మొహం కొంచెం వాడిపోతుంది. బ్యాంకో, విమానాశ్రయమో అని అనుకుంటారు కాబోలు. ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న మీరైనా కాస్త ఓపిగ్గా వింటారని రాస్తున్నాను.

ఆ వ్యాపారం నడిపే ఆమెది నల్లగొండ వైపు పల్లె. మన్సూరాబాద్‌లో కిరాయి ఇంట్లో ఒక్క గ్రైండర్‌తో చుట్టుపక్కల ఇళ్ళకు పిండి రుబ్బి ఇవ్వడం మొదలుపెట్టింది. మా దగ్గరికి వచ్చేనాటికి దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళకూ, ఎల్బీనగర్ నుంచి మూసారాంబాగ్ దాకా ఉన్న టిఫిన్ సెంటర్లకూ పిండి పంపుతోంది. నాదర్‌గుల్‌లో ఒక షెడ్డు లీజుకు తీసుకుని, వరసగా పెద్ద గ్రైండర్లు పెట్టింది. అందరూ ఆమెను అక్కా అనే పిలుస్తారు. నాకంటే పదేళ్ళకు పైగా చిన్నది. అయినా ఒక నెల తిరిగేసరికి నేనూ అక్కా అనడం మొదలుపెట్టాను.

మొదటి రోజు మా ఆఫీసులో కూర్చుని ఆమె చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

"నా పిండి మంచిగనే పొంగుతది మేడం. నా దందానే పొంగుతలేదు."

ఎందుకో కూడా ఆమెకు తెలుసు. ఆర్డర్లన్నీ ఆమె ఫోన్‌కు వస్తాయి. షెడ్డు మేనేజర్‌గా ఉన్న ఆమె తమ్ముడు వాటిని బోర్డు మీద రాస్తాడు. వ్యాన్ల డ్రైవర్లు ఎవరికి ఎన్ని డబ్బాలు దించాలో నోటి లెక్కగా గుర్తుపెట్టుకుంటారు. ఒకరోజు పిండి మిగిలి పులిసి పారబోయాలి, ఇంకోరోజు ఏదో హాస్టల్ వంటమనిషి ఖాళీ గిన్నెతో కూర్చుంటాడు. కొత్త హాస్టళ్ళు అడుగుతున్నా సరే అనడానికి ఆమెకు ధైర్యం చాలడం లేదు. తనకు జ్వరం వస్తే ఆ రోజు దందా బందే అని చెప్పింది.

ఆ పని మా కంపెనీలో ఇద్దరికి అప్పజెప్పారు. ఒకరు నేను. రెండో మనిషి మూసారాంబాగ్ నుంచి మెట్రోలో వచ్చే అమ్మాయి, అదే ఆమెకు మొదటి ఉద్యోగం. తక్కువ మాట్లాడేది, పట్టుదల మాత్రం ఎక్కువ. మేము చెయ్యాల్సింది కాగితం మీద తేలికగానే కనిపించింది. ఆర్డరు ఒక చోట పడాలి. దాన్ని బట్టి ఏ గ్రైండర్ ఎంత రుబ్బాలో షెడ్డులో తెర మీద కనిపించాలి. ఏ డబ్బా ఏ వ్యాన్ ఎక్కి ఎక్కడ దిగిందో డ్రైవర్ ఫోన్ చెప్పాలి. ఈ మూడూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. మీరంతా ఇప్పుడు కళ్ళు మూసుకుని చేసేస్తారు. మేమూ అలాగే అనుకుని మొదలుపెట్టాం.

మొదటి వారమే పరువు పోయింది. షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళ చేతులు ఎప్పుడూ పిండితో తడిగా ఉంటాయి. మేము గర్వంగా గోడకు బిగించిన తెర ఆ తడి వేళ్ళకు పలకనే లేదు. డబ్బాల మీద అంటించిన కోడ్ స్టిక్కర్లు రెండుసార్లు కడిగేసరికి ఊడి మోరీలోకి కొట్టుకుపోయాయి. నాతో పనిచేసే అమ్మాయి, అప్పటికే నా నోట 'మా అమ్మాయి' అయిపోయింది, ఆఫీసుకు రావడం మానేసి షెడ్డులోనే కూర్చుంది. ఆ పక్కనే విమానాలు నడపడం నేర్పే చోటు ఉండటంతో చిన్న విమానాలు గిరగిరా తిరుగుతుండేవి. పనివాళ్ళు ఎప్పుడో తలెత్తి చూడటం మానేశారు. మేం మాత్రం ప్రతిసారీ చూసేవాళ్ళం. చివరికి ఆ అమ్మాయి స్టిక్కర్లు తీసేసి, కోడ్ చెక్కిన చిన్న స్టీలు బిళ్ళను ప్రతి డబ్బాకూ బిగించింది. కోడ్ చదివే యంత్రాన్ని గుమ్మం పక్కన నడుమెత్తున పెట్టించింది. డబ్బాను దాని ముందునుంచి తోసుకుంటూ పోతే చాలు, ఎవరూ ఏదీ ముట్టుకోనక్కర్లేదు. నేను ఇన్నేళ్ళ అనుభవంతో గీసిన తెరలన్నీ ఆమె మెల్లగా పక్కన పెట్టేసింది. నేను అలగలేదు. కొంచెం అలిగానేమో, బయటికి చూపించలేదు.

డ్రైవర్లతో వ్యవహారం వేరు. వాళ్ళలో పెద్దాయన ఒకప్పుడు లారీ నడిపినవాడు, యాభై దాటినవాడు. ఫోన్ చేతికిచ్చినప్పుడు తిప్పి తిప్పి చూసి, ఇది తనను చూస్తుందా డబ్బాను చూస్తుందా అని అడిగాడు. డబ్బానే అన్నాను. రెండూ ఒక్క దగ్గరనే ఉంటయ్ కద మేడం అన్నాడు. ఎక్కడ నొక్కాలో చూపించడం మొదలుపెట్టాను.

అప్పుడే నేనూ వాళ్ళను ఒక ప్రశ్న అడిగాను. ఆర్డరు ఇచ్చిన చోట కాకుండా డబ్బాను ఇంకెక్కడైనా దించడం, ఒకరి డబ్బా ఒకరికి సర్దడం ఎప్పుడైనా జరుగుతుందా అని. డ్రైవర్లందరూ లేదన్నారు. ప్రోగ్రాము కూడా అదే లెక్కతో రాశాం. నేను అడిగినప్పుడు మేనేజర్ వాళ్ళ పక్కనే నిలబడి ఉన్నాడు. ఆ సంగతి ముఖ్యమని ఆ రోజు నాకు తట్టలేదు.

ఇవన్నీ కుదురుకున్నాక దందా నిజంగానే పొంగింది. పారబోసే పిండి తగ్గింది. అక్క కొత్త హాస్టళ్ళకు సరే అనగలిగింది. బంధువుల పెళ్ళికి ఊరెళ్ళి, ఫోన్ సంచిలో పడేసి, పూర్తిగా రెండు రోజులు ఉండి వచ్చానని మాకు స్వీటు డబ్బా తెచ్చిచ్చింది. మా కంపెనీ యజమాని ఆ పని గురించి కొత్త కస్టమర్లకు చెప్పుకోవడం మొదలుపెట్టాడు. అక్కడితో ఆగిపోయి ఉంటే ఇది రాయాల్సినంత కథ కాదు.

ఆ ఎండాకాలం, ప్రవేశ పరీక్షల రోజుల్లో, ఒక మధ్యాహ్నం మేమిద్దరం షెడ్డులో ఉన్నాం. ఏదో కొత్త రిపోర్టు చూపించడానికి వెళ్ళాం. సాయంత్రం టిఫిన్లకు పొద్దున్నే రుబ్బిన పిండి అప్పటికే వ్యాన్లలో వెళ్ళిపోయింది. గ్రైండర్లు కడుగుతున్న ఒకామె మూడో గ్రైండర్ దగ్గర ఆగి, అక్కను పిలిచింది. గిన్నె గోడలకు అంటుకున్న పిండిని లోపలికి తోసే స్టీలు పలక ఒకటి ఉంటుంది. దాని మూల విరిగి ఉంది. విరిగిన ముక్క లేదు.

అందరూ వంగి నేలంతా వెతికారు. మోరీ జాలీ తీసి చేతులు పెట్టి వెతికారు. దొరకలేదు. అక్క ఆ పలక అంచును వేలితో తడిమి చూసింది. బ్లేడులా ఉంది.

అది కడిగేటప్పుడే ఊడి నీళ్ళల్లో పోయి ఉంటుందని తమ్ముడు అన్నాడు. ఇప్పుడు అందరికీ ఫోన్లు చేస్తే రేపటి నుంచి ఎవ్వరూ మన పిండి ముట్టరని, ఈ షెడ్డు లీజు కాగితాల మీద తనూ సంతకం పెట్టాడని గుర్తుచేశాడు. అతను చెడ్డవాడు కాడు. భయపడ్డాడు. ఆ క్షణంలో ఆ షెడ్డులో భయపడనివాళ్ళు ఎవరూ లేరు.

అక్క మా అమ్మాయి వైపు తిరిగింది.

"మూడో గ్రైండర్ పిండి ఎవరెవరికి పోయిందో చెప్పగలవా బిడ్డా?"

అలా అడుగుతారని మేము ఎన్నడూ అనుకోలేదు. పిండి షెడ్డులోంచి ముందుకు వెళ్ళడానికే ప్రోగ్రామును కట్టాం. వెనక్కి రావడానికి కాదు. కానీ గ్రైండర్ దగ్గర ఒక గుర్తు, డబ్బా దగ్గర ఒక గుర్తు, దించిన చోట ఒక గుర్తు ఉన్నాయి. ఆ అమ్మాయి వాటిని కలుపుతూ వెనకనుంచి నడిచింది. పక్కన నిలబడి అడ్డుపడకుండా ఉండటమే నేను చేసిన సాయం. కాసేపటికి తెర మీద పేర్లు వచ్చాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో కొన్ని హాస్టళ్ళు, ఎల్బీనగర్ దగ్గర రెండు టిఫిన్ సెంటర్లు. అంతే. మిగతా ఊరంతటికీ వెళ్ళిన పిండి వేరే గ్రైండర్లది.

"పిల్లల నోట్లెకు పోయేది తమ్మీ అది," అంది అక్క. "ఫోన్ చెయ్యి."

హాస్టళ్ళకు ఆమే స్వయంగా మాట్లాడింది. కారణం దాచలేదు, మెత్తబరచలేదు. మా పలక విరిగింది, ముక్క మీ డబ్బాల ఉండొచ్చు, మూత తియ్యకున్రి, మా బండి ఒస్తది అని అందరికీ అదే మాట చెప్పింది. ఒక వార్డెన్ అరిచిన అరుపు ఫోన్‌లోంచి మా దాకా వినిపించింది. ఆమె మొత్తం విని, ఔను సార్, మా తప్పే అంది. మేనేజర్ డ్రైవర్లకు ఫోన్లు చేసి వ్యాన్లను వెనక్కి మళ్ళించాడు. ఒకసారి అక్క నిర్ణయం తీసుకున్నాక అతను ఇంక ఎదురు చెప్పలేదు, అందరికంటే ఎక్కువ పరుగెత్తింది కూడా అతనే.

డబ్బాలు ఒక్కొక్కటిగా తిరిగి వచ్చాయి. అయస్కాంతం పెట్టి చూద్దామన్నారు ఎవరో. అది స్టెయిన్‌లెస్ స్టీలు, అయస్కాంతానికి అంటదు. పిండిలో నీళ్ళు పోసి పలచన చేసి జల్లెడ పట్టడమే దారి. షెడ్డులో ఉన్నవాళ్ళందరం కూర్చున్నాం. నేనూ చీర కుచ్చిళ్ళు దోపుకుని కూర్చున్నాను. చాలా డబ్బాలయ్యాక ఒక జల్లెడలో టంగుమని చప్పుడయ్యింది. ముక్క దొరికింది. మేనేజర్ అక్కడే నేల మీద కూలబడి మొహం తుడుచుకున్నాడు. కొందరు నవ్వారు, ఒకామె ఏడ్చింది.

అక్క మాత్రం ఆ ముక్కను కడిగి, విరిగిన పలకకు ఆనించి చూసింది. అంచు అంచుకు సరిగ్గా కూర్చుంది. కాని చివర్న చిటికెనవేలి గోరంత ఖాళీ ఉంది.

రెండు ముక్కలుగా విరిగిందన్నమాట.

అదే సమయానికి మా అమ్మాయి ఇంకా ఒక డబ్బా తిరిగి రాలేదని చెప్పింది. అది దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక హాస్టల్లో దిగినట్టు తెర చెబుతోంది. ఆ హాస్టల్ వంటమనిషికి మళ్ళీ ఫోన్ చేస్తే, మాకు వచ్చినవన్నీ మీకు ఇచ్చేశాం అన్నాడు. మేనేజర్‌కు కోపమొచ్చింది. వంటవాడు అబద్ధం చెప్తున్నాడని, పిండి దాచుకున్నాడని అన్నాడు. మా ప్రోగ్రాములోనే తప్పుందేమోనని నాకు అనుమానం వచ్చింది.

ఆ హాస్టల్‌కు వెళ్ళిన వ్యాను పెద్ద డ్రైవర్‌దే. అతను కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. కడిగిన చేతులనే మళ్ళీ కడుగుతున్నాడు. అది నేను చూశాను, అక్క కూడా చూసింది. ఆమె దగ్గరికి వెళ్ళి, గొంతు పెంచకుండా అడిగింది.

"అన్నా, నీ కొలువు ఏం పోదు. నేను చెప్తున్న. డబ్బా ఏడ ఉంది?"

అతను కుళాయి కట్టేశాడు. "మూసారాంబాగ్ల దోసెల బండామెకు ఇచ్చిన అక్కా. ఇయ్యాల పరీక్ష ఉందని హాస్టల్ల సగం మంది లేరు, ఒకటి ఒద్దన్నరు. ఆమెకు పొద్దుగాల పిండి అందలే. పిండి లేకుంటే బండే పెట్టదు. రేపటి దాంట్ల సర్దుదామనుకున్న." ఇంకో మాట కూడా అన్నాడు. "గిట్ల ఇది మొదటిసారి కాదు. అందరం చేస్తం."

అతన్ని ఏమైనా అనడానికి టైము లేదు. సాయంత్రం దోసెల వేళ దగ్గరపడింది. బండామె ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. నాదర్‌గుల్ నుంచి మూసారాంబాగ్ వెళ్ళాలంటే ఎల్బీనగర్ చౌరస్తా దాటాలి, ఆ వేళప్పుడు అక్కడ ట్రాఫిక్ ఎట్లా ఉంటుందో ఈ వైపు ఉండేవాళ్ళకు చెప్పక్కర్లేదు. అక్కా, డ్రైవరూ, నేనూ వ్యాన్ ఎక్కాం. మా అమ్మాయి షెడ్డులోనే ఉండిపోయింది. దారిలో చైతన్యపురి దగ్గర ఇరుక్కుని ఉండగా నాకు ఫోన్ చేసింది.

"మా నాన్నని పంపించాను మేడం. మా ఇంటికి దగ్గరే. డబ్బా దగ్గర నిలబడ్డాడు."

మేం చేరేసరికి మెట్రో స్టేషన్ కింద ఆ బండి చుట్టూ చిన్న గుంపు ఉంది. మధ్యలో ఒక పెద్దమనిషి, ఇంట్లో చొక్కాతోనే వచ్చినవాడు, డబ్బా మూత మీద ఒక చెయ్యి, పక్కనున్న పిండి బేసిన్ మీద ఇంకో చెయ్యి పెట్టి నిలబడి ఉన్నాడు. పెనం కాలి పొగలొస్తోంది. బండామె ఆయన్ను తిడుతోంది. దోసెల కోసం వచ్చినవాళ్ళూ గొణుగుతున్నారు. మా కూతురు ఫోన్ చేసింది, ఆమె మేడం వస్తున్నారు, అప్పటిదాకా ఒక్క దోసె కూడా వెయ్యనివ్వను అని ఆయన అదే మాట చెప్తూ ఉన్నాడట. కారణం ఆయనకు పూర్తిగా తెలియదు. కూతురు నిలబడమంది, నిలబడ్డాడు.

అక్క దిగి, ముందు బండామె చేతులు పట్టుకుంది. సంగతి చెప్పింది. ఆమె తిట్లు ఆగిపోయాయి. తన టీ జల్లెడ తీసి తనే ఇచ్చింది. ఫుట్‌పాత్ మీదే, అందరి ముందే, నీళ్ళు కలిపి వడగట్టాం. ముక్క డబ్బాలో లేదు. బేసిన్‌లో ఉంది. మొదటి దోసెకు గరిట ముంచబోతుండగా ఆయన వచ్చాడని బండామె చెప్పింది. ఆ గోరంత స్టీలు తునకను అక్క అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. పక్కన ఒక చిన్న పిల్ల వాళ్ళమ్మ కొంగు పట్టుకుని దోసె కోసం ఎదురుచూస్తోంది. నేను అటు చూడలేక ఇటు తిరిగాను. డ్రైవర్ వ్యాన్ వెనక నిలబడి ఉన్నాడు. భుజాలు కదులుతున్నాయి.

మర్నాడు పొద్దున అక్క తన కస్టమర్లందరికీ జరిగింది జరిగినట్టు మెసేజ్ పెట్టింది. మూడో గ్రైండర్ పిండి అందుకోని వాళ్ళకు కూడా. అంత అవసరమా అని ఈసారి నేనే అడిగాను. ఒకరి నోట తెలిసేకన్నా మన నోట తెలిసుడే మేలు మేడం అంది. కొన్ని హాస్టళ్ళు మానేశాయి. ఒకటి రెండు వారాలు షెడ్డులో సగం గ్రైండర్లు తిరగలేదు. మా కంపెనీ యజమాని కూడా ఆ పని గురించి కొత్తవాళ్ళకు చెప్పుకోవడం తాత్కాలికంగా ఆపేశాడు.

తర్వాత ఒకరోజు, ఫోన్‌లో అరిచిన ఆ వార్డెన్ షెడ్డుకు వచ్చాడు. వాళ్ళ హాస్టల్‌కు ఎల్బీనగర్ చుట్టూ చాలా శాఖలున్నాయని మాకు అప్పుడే తెలిసింది. వరసలోంచి ఒక డబ్బాను తనే వేలు పెట్టి చూపించి, దీని సంగతి చెప్పమన్నాడు. ఏ గ్రైండర్, ఎవరు రుబ్బారు, ఏ వ్యాను, ఎక్కడికి అన్నీ మా అమ్మాయి చెప్పింది. ఇంకో డబ్బా చూపించాడు. అదీ చెప్పింది. ఇంతకుముందు తనకు పిండి ఇచ్చినవాళ్ళెవరికీ ఇవి తెలియవని, ఏదైనా జరిగితే చెప్పేవాళ్ళే ఉండరని అన్నాడు. తమ శాఖలన్నిటికీ ఇక్కడినుంచే పిండి తీసుకోవడం మొదలుపెట్టాడు. మానేసినవాళ్ళలో కొందరు తిరిగి వచ్చారు, కొందరు రాలేదు. ఆ ఏడు చివర్లో అక్క పక్క షెడ్డు కూడా తీసుకుంది. ప్రారంభానికి రిబ్బన్ నన్ను కత్తిరించమంటే, నేను కత్తెర మా అమ్మాయి చేతికిచ్చాను.

వీటన్నిటికంటే ముందే మేము మొదలుపెట్టిన పని, ప్రోగ్రాములో ఆ లోటు పూడ్చడం. డబ్బా దారి మారితే డ్రైవర్ ఫోన్‌లో చెప్పడానికి ఒక బటన్ పెట్టాం. దానికింద, ఎందుకు మార్చారో రాయడానికి ఒక గడి ఉండాలని మేనేజర్ పట్టుబట్టాడు. నాకూ సబబే అనిపించింది. మన చదువుల్లో కారణం లేకుండా ఏదీ నమోదు చెయ్యం కదా. అక్క తెర చూసి ఆ గడి తీసెయ్యమంది.

"ఎందుకిచ్చినవ్ అంటే కత చెప్తరు మేడం. ఏడ ఇచ్చినవ్ అంటే జాగ చెప్తరు. నాకు జాగ చాలు."

తీసేశాం. బటన్ మొదలైన వారంలోనే ఒక మధ్యాహ్నం, దిల్‌సుఖ్‌నగర్ ఆఫీసులో నేను అన్నం డబ్బా విప్పుతుంటే, మా అమ్మాయి తన తెరను నావైపు తిప్పింది. ఒక హాస్టల్ దగ్గరున్న డబ్బా గుర్తు మూసారాంబాగ్‌కు మారింది. మార్చింది పెద్ద డ్రైవర్. ఎవరూ అడగలేదు, ఎవరూ పక్కన నిలబడలేదు. ఆ రోడ్డు మీద ఎక్కడో వ్యాను ఆపుకుని, తనంతట తనే నొక్కాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను రాసిన ప్రోగ్రాములకు జనం భయంతో చెప్పినవీ, బలవంతం మీద చెప్పినవీ ఎన్నో చూశాను. ఇష్టంతో చెప్పిన నిజం అదే మొదలు. ఆ రోజు అన్నం చాలా రుచిగా ఉంది.